సమ్మె అయిపోయాక

సమ్మె అంటే మనకి గుర్తొచ్చేవి టెంట్లు, జెండాలు, మైకులు, మర్నాడు పేపర్లో ఓ ఫొటో. సమ్మె విరమించారని వినగానే అందరం హమ్మయ్య అనుకుంటాం. బస్సులు తిరుగుతాయి, ఆఫీసులు తెరుస్తారు, పిల్లలు కాలేజీలకి బయల్దేరతారు. కానీ సమ్మె చేసినవాళ్ళ ఇళ్ళల్లో ఆ తరవాత ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. కొన్ని ఇళ్ళల్లో అసలు కథ అప్పుడే మొదలవుతుందండీ.

మా ఇంట్లో సమ్మె కొత్త మాటేం కాదు. మావారు గవర్నమెంటు స్కూల్లో టీచరు. 2004 సెప్టెంబరు తరవాత చేరినవారు కాబట్టి పాత పెన్షను లేదు, సీపీఎస్సే. 2022 ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ అన్నప్పుడు పొద్దున్నే డబ్బాలో పులిహోర కట్టించుకుని వెళ్ళినవాళ్ళలో ఆయనా ఒకరు. కాబట్టి మేష్టార్లు రోడ్డెక్కితే "వాళ్ళకేం తక్కువ, నీడపట్టున ఉద్యోగాలు" అనే మాట మా గుమ్మంలో ఎవరూ అనరు. అయినా సరే, మా చెల్లెలు ఫోను చేసి "అక్కా, నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను" అన్నప్పుడు మా ఇల్లంతా నిర్ఘాంతపోయింది.

మా చెల్లెలు ఇంగ్లండులో ఒక యూనివర్సిటీలో లెక్చరరు. ఆంధ్రా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుకుని, అక్కడికెళ్ళి పీహెచ్‌డీ చేసింది. ఆ తరవాత ఏడేళ్ళపాటు ఒక ఏడాది ఇక్కడ, పది నెలలు అక్కడ అన్నట్టు తాత్కాలిక ఉద్యోగాలు చేసింది. ఆ ఏడేళ్ళలో నాలుగిళ్ళు మారింది. పర్మనెంటు అయిందని తెలిసిన రోజున మా అమ్మ ద్వారకా తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చింది. అలాంటి ఉద్యోగాన్ని 2023 అక్టోబరులో, సమ్మె ముగిసిన నెల రోజులకి, వదిలేస్తానంటోంది. సమ్మె జరుగుతున్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. అయిపోయాక ఎత్తింది.

"జీతాలు పెంచలేదని అలిగినట్టుంది" అని మా అమ్మ తేల్చేసింది. బంధువులూ అదే అన్నారు. జీతం సంగతి లేకపోలేదు. 2022 అక్టోబరులో ఆ దేశంలో ధరల పెరుగుదల నూటికి 11 దాటింది. ఆ ఏడాది యూనివర్సిటీల్లో చాలామందికి పెంచిన జీతం నూటికి 3. ఇల్లు నడిపే ఏ ఆడదానికైనా ఈ రెండంకెలూ చాలు, మిగతాది తనే లెక్కేసుకోగలదు. 2009 నుంచి చూస్తే ధరల ముందు తమ జీతాలు నాలుగోవంతు కరిగిపోయాయని వాళ్ళ యూనియను చెబుతోంది. యాజమాన్యాలు ఆ లెక్కని ఒప్పుకోవు, అది వేరే మాట.

రెండోది పెన్షను. ఇది మన సీపీఎస్ గొడవకి అక్కచెల్లెలు లాంటిది. అక్కడి పాత యూనివర్సిటీల ఉద్యోగుల పెన్షను నిధిని యూఎస్ఎస్ అంటారు. రిటైరయ్యాక నెలకి ఇంత వస్తుందని అందులో భరోసా ఉంటుంది. ఆ భరోసా తీసేసి, షేర్ల మార్కెట్టు ఎలా ఉంటే అలా వస్తుందనే పద్ధతి పెడతామన్నారు. దానిమీద 2018 ఫిబ్రవరి, మార్చి నెలల్లో 60కి పైగా యూనివర్సిటీల్లో 14 రోజులు సమ్మె చేశారు. ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది కానీ, 2022 ఏప్రిల్లో ఇంకో రూపంలో కోత పెట్టారు. మళ్ళీ సమ్మెలు. చివరికి 2024 ఏప్రిల్ నుంచి కోసిన పెన్షనుని తిరిగి ఇచ్చారు. ఉద్యోగి జీతంలోంచి పెన్షను కింద పట్టుకునేది కూడా నూటికి 9.8 నుంచి 6.1కి తగ్గింది.

అంటే గెలిచారు! మావారు ఈ సంగతి విని "మాకు ఇందులో సగం దక్కినా ఊళ్ళో స్వీట్లు పంచేవాళ్ళం" అన్నారు. మరి గెలిచాక కూడా ఉద్యోగం వదులుకోవాలని ఎందుకనిపిస్తుంది? నన్ను తొలిచిన ప్రశ్న ఇదే. జవాబు మా చెల్లెలు ఒక్క ముక్కలో చెప్పలేదు. 2023లో మూడు నెలలు వాళ్ళింట్లో ఉన్నాను కాబట్టి, చూసినదాన్నీ విన్నదాన్నీ కలుపుకుని నాకు బోధపడింది చెబుతాను.

2022 నవంబరు 24, 25, 30 తేదీల్లో అక్కడ 150 యూనివర్సిటీల్లో సమ్మె జరిగింది. దాదాపు 70,000 మంది పాల్గొన్నారని యూనియను చెప్పింది. సమ్మె రోజులు కాక, మిగతా రోజుల్లో "కాగితం మీద ఉన్న పనే చెయ్యండి, అంతకు మించి చెయ్యొద్దు" అని కూడా యూనియను పిలుపిచ్చింది. ఆ మాట వినడానికి చాలా చిన్నదిగా ఉంటుంది. కానీ అసలు చిక్కు అక్కడే వచ్చింది. కాగితం మీద ఉన్న పని ఎంతో తెలియాలంటే, చేస్తున్న పని ఎంతో ముందు లెక్క పెట్టాలి కదా!

మా చెల్లెలు చదివింది లెక్కలే. చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఏ రోజు ఎన్ని గంటలు పని చేసిందో రాయడం మొదలుపెట్టింది. ఒప్పందం ప్రకారం వారానికి 35 గంటలు. పుస్తకంలో తేలింది 52. ఆదివారం పొద్దున్న పిల్లాడికి తలంటుతూ మధ్యలో చూసిన మెయిళ్ళు, రాత్రి పదకొండింటికి రాసిన సిఫార్సు ఉత్తరాలు, ఏడుస్తూ వచ్చిన విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిన గంట, సెలవుల్లో సరిదిద్దిన థీసిస్‌లు, అన్నీ అందులో ఉన్నాయి. ఇవేవీ ఆవిడని ఎవరూ బలవంతపెట్టి చేయించలేదు. ఇష్టంగానే చేసింది. ఇంతకాలం అది పని అని కూడా అనుకోలేదు.

ఈ భాగం మనలాంటి వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి స్టవ్వు గట్టు తుడిచేదాకా మనం చేసే పనిని ఎప్పుడైనా గంటల్లో రాసుకున్నామా? రాసుకోం. రాసుకుంటే ఆ పుస్తకాన్ని మళ్ళీ మూసెయ్యడం కష్టం. మా చెల్లెలికి అదే అయింది. 52 అనే అంకె కంటపడ్డాక, సమ్మె పూర్తయినా ఆ అంకె మాత్రం మనసులోంచి పోలేదు.

అయినా అంతమాత్రాన ఎవరూ ఉద్యోగం మానరు. మన్ననగా చూస్తే పదిహేడు గంటలు ఎక్కువ చేసినా సంతోషంగానే చేస్తారు. అసలు దెబ్బ తగిలింది 2023 వేసవిలో.

ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో 18 రోజుల సమ్మె ప్రకటించి, చర్చలు జరుగుతున్నాయని మధ్యలో కొన్ని రోజులు ఆపారు. పెన్షను విషయం దారిలో పడింది కానీ జీతాలూ, పనిభారమూ, తాత్కాలిక ఉద్యోగాలూ తేలలేదు. దాంతో ఏప్రిల్ 20 నుంచి పరీక్ష పేపర్లు దిద్దకూడదని యూనియను నిర్ణయించింది. పాఠాలు చెబుతారు, విద్యార్థుల్ని కలుస్తారు, పరిశోధన చేస్తారు. పేపర్లు మాత్రం దిద్దరు. 145 యూనివర్సిటీల్లో ఈ పద్ధతి మొదలైంది.

నేను ఏప్రిల్ ఆఖర్లో వెళ్ళాను. మా మరిదికి ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం, షిఫ్టులు. చిన్నవాడికి ఆరేళ్ళు, పెద్దవాడికి పధ్నాలుగు. వాళ్ళని చూసుకోవడానికని పిలిపించారు. వెళ్ళిన పది రోజులకి చెల్లెలికి యూనివర్సిటీనుంచి ఉత్తరం వచ్చింది. పేపర్లు దిద్దనివాళ్ళకి జీతంలో సగం కోస్తామని అందులో ఉంది. అది చాలా చోట్ల జరిగిందే. కొన్ని యూనివర్సిటీలు మొత్తం జీతం కోశాయి కూడా. డబ్బు పోతుందని మా చెల్లెలికి ముందే తెలుసు, సిద్ధపడే ఉంది. ఆవిడని కుదిపింది అందులోని ఇంకో వాక్యం. పేపర్లు దిద్దకుండా మిగతా పని చేస్తే, ఆ పనిని స్వచ్ఛందంగా చేసినట్టుగా భావిస్తారట.

ఆ వాక్యం నాకు తెలుగులో చెప్పి, కాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుంది. "అక్కా, ఏడాది మొత్తంలో పేపర్లు దిద్దేది కొన్ని వారాలు. పాఠాలు, పరిశోధన, పిల్లలు అన్నీ మామూలుగానే చేస్తున్నాను. అదంతా నేను సరదాకి చేస్తున్నట్టు రాశారు" అంది.

మే, జూన్, జూలై నెలల్లో సగం జీతమే వచ్చింది. యూనియను నిధినుంచి కొంత ఇచ్చారు గానీ కోసినంతకి అది సరిపోలేదు. ఆ ఏడాది అక్కడ ఇంటి లోన్ల మీద వడ్డీలు కూడా పెరిగాయి. వంటిల్లు నా చేతిలో ఉంది కాబట్టి నాకు తోచిన పొదుపు నేను చేశాను. ఇండియన్ షాపులో ములక్కాడలు, దొండకాయలు మానేసి, అక్కడ చవగ్గా దొరికే క్యాబేజీ, క్యారెట్టు, పాలకూర తెప్పించాను. పాలకూర పప్పు, క్యాబేజీ పెసరపప్పు కూర, నేను పట్టుకెళ్ళిన ఆవకాయ, కందిపొడి. వారానికి రెండుసార్లు తినే బయటి తిండి పూర్తిగా మానేశారు. పెద్దవాడు స్కూలు టూరుకి పేరు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని నేనడిగితే "నాకిష్టం లేదు పెద్దమ్మా" అన్నాడు. వాడికి ఇష్టం లేకపోవడమేమిటి! ఆ మాట వాళ్ళమ్మకీ వినపడింది.

పోనీ ఇదంతా ఓర్చుకుంటే ఇంకో బాధ. వాళ్ళ యూనివర్సిటీలో మన తెలుగు పిల్లలు బోలెడుమంది. పీజీ చేస్తున్న గుంటూరు అబ్బాయి ఒకడు అప్పుడప్పుడూ భోజనానికి వచ్చేవాడు. తండ్రి పొలం తనఖా పెట్టి పంపించాడట. పేపర్లు దిద్దకపోవడంవల్ల వాడి మార్కులు ఆగిపోయాయి. పాసయ్యాడో, మళ్ళీ రాయాలో తెలీదు. ఒకరోజు భోంచేసి, చెయ్యి కడుక్కుని, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మేడం, మావి ఎప్పటికి అవుతాయంటారు? నాన్న రోజూ అడుగుతున్నారు" అన్నాడు. తప్పు పట్టినట్టు అడగలేదు, భయపడుతూ అడిగాడు.

మా చెల్లెలు వాణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పింది. తాత్కాలిక లెక్చరర్ల సంగతి, తను ఏడేళ్ళు తిరిగిన సంగతి. "నీకు ఇవాళ పాఠం చెప్పే ఆయన ఉద్యోగం సెప్టెంబరుదాకే. వచ్చే ఏడు ఎక్కడుంటాడో ఆయనకే తెలీదు. దానికోసం కూడా ఇది" అంది. వాడు తలూపాడు. వాడికి అర్థమైంది. కానీ వాళ్ళ నాన్నకి ఏం చెబుతాడు? ఆ రాత్రి మా చెల్లెలికి నిద్ర లేదు. పేపర్లు ముందేసుకుని దిద్దేద్దామా అనుకుని మళ్ళీ ఆగింది. సమ్మెలో యాజమాన్యంతో తగువు ఒక ఎత్తు, తన మనసుతో తగువు ఇంకో ఎత్తు. లెక్చరర్లు, నర్సులు, డాక్టర్ల సమ్మెల్లో ఇదొక ప్రత్యేకత. పని ఆపితే యజమానికన్నా ముందు, వాళ్ళు ప్రేమించే పిల్లలకో రోగులకో తగులుతుంది. ఆ బరువు మోసినవాళ్ళలో చాలామంది "ఇంకోసారి ఈ స్థితిలో పడను" అనుకుంటారు. మళ్ళీ సమ్మె చెయ్యలేక, చెయ్యకుండానూ ఉండలేక, అసలు ఆ చోటే వద్దనుకుంటారు.

నేను జూలై ఆఖర్లో తిరిగొచ్చేశాను. సెప్టెంబరు 6న పేపర్ల బహిష్కరణ ఆపేశారు. జీతాల పెంపు ఫిబ్రవరిలో యాజమాన్యాలు చెప్పిన నూటికి 5 నుంచి 8 దగ్గరే ఆగింది. మా చెల్లెలికి కోసిన జీతం తిరిగి రాలేదు. దిద్దాల్సిన పేపర్లు మాత్రం తిరిగొచ్చాయి. కొత్త విద్యా సంవత్సరం మొదలవుతుంటే, ఒకవైపు పాఠాలు చెబుతూ, ఇంకోవైపు ఎండాకాలం పేపర్లన్నీ దిద్దింది. ఏ పని చెయ్యలేదని డబ్బు కోశారో, ఆ పనినే చివరికి తన చేతులతో చేసింది. "గుంటూరు అబ్బాయి పేపరు మొదట దిద్దానక్కా" అంది ఫోన్లో. అప్పుడు మాత్రం గొంతులో కాస్త నవ్వు వినిపించింది.

డిపార్టుమెంటులో వాతావరణం కూడా మారిపోయింది. సమ్మె చేసినవాళ్ళు, చెయ్యనివాళ్ళు, సగంలో ఆపినవాళ్ళు అని మూడు వర్గాలు అయ్యాయి. తనతో రోజూ టీ తాగే సహోద్యోగి ఒకావిడ, మా చెల్లెలి పేపర్లలో కొన్నిటిని దిద్దడానికి ఒప్పుకుందట. ఆవిడకీ ఇబ్బందులున్నాయి, ఒంటరి తల్లి. ఆవిడ మీద కోపం లేదంటుంది మా చెల్లెలు. కానీ టీ తాగడం ఆగిపోయింది. ఉద్యోగంలో జీతం ఎంతో, మధ్యాహ్నం పక్కన కూర్చుని నాలుగు కబుర్లు చెప్పే మనిషీ అంతే కదండీ. అది పోతే ఆఫీసు వట్టి గోడలే.

మళ్ళీ సమ్మె చెయ్యాలా వద్దా అని యూనియను పెట్టిన ఓటు ఆ నవంబరులో ముగిసింది. ఆ దేశంలో 2016లో చేసిన చట్టం ప్రకారం, సభ్యుల్లో కనీసం సగంమంది ఓటేస్తేనే అప్పట్లో ఆ ఓటు చెల్లేది. నూటికి 43 మంది మాత్రమే వేశారు. వేసినవాళ్ళలో ఎక్కువమంది సమ్మెకే మొగ్గారు, అయినా చెల్లలేదు. మా చెల్లెలు ఓటేసింది. కానీ ఆ ఫలితం చూసి "అందరూ అలిసిపోయారు" అనుకుంది. సమ్మె చేస్తున్నప్పుడు "మనం" అనే ధైర్యం ఉంటుంది. అది సన్నగిల్లాక ఎవరి దారి వాళ్ళు వెతుక్కుంటారు. సమ్మె అయిపోయాక రాజీనామా ఆలోచనలు రావడానికి నాకు కనిపించిన పెద్ద కారణం ఇదే. పదిమందీ కలిసి మార్చలేకపోయినదాన్ని తనొక్కతే మార్చుకోగల మార్గం, అక్కణ్ణుంచి లేచిపోవడం.

ఈ ఆలోచన మా చెల్లెలు ఒక్కర్తిదే కాదు. 2022 మార్చిలో యూనియను వేసిన ఒక సర్వేలో దాదాపు 7,000 మంది జవాబులిచ్చారు. వచ్చే అయిదేళ్ళలో యూనివర్సిటీ ఉద్యోగం వదిలే అవకాశం ఉందని సుమారు మూడింట రెండువంతులమంది చెప్పారు. యూనియను అడిగిన సర్వే కాబట్టి మండిపడుతున్నవాళ్ళే ఎక్కువ రాసి ఉండవచ్చు. అనుకున్న వాళ్ళందరూ వెళ్ళిపోరు కూడా. అయినా చదువు చెప్పేవాళ్ళలో అంతమంది మనసు గుమ్మంవైపు తిరిగి ఉండటం చిన్న సంగతా?

ఇక ఆ తరవాత వచ్చింది ఇంకో రకం గాలి. ఇంగ్లండులో అక్కడి పిల్లల ఫీజు 2017 నుంచి 2025దాకా ఏడాదికి 9,250 పౌండ్ల దగ్గరే కట్టడి చేశారు. ఖర్చులు పెరిగాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి యూనివర్సిటీలు విదేశీ విద్యార్థుల మీద ఆధారపడ్డాయి. అందులో మన పిల్లలూ ఉన్నారు. 2024 జనవరి నుంచి పాఠాలు చెప్పే పీజీ కోర్సులకి వెళ్ళేవాళ్ళు భార్యనో భర్తనో పిల్లల్నో వెంట తీసుకెళ్ళకూడదని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. విదేశాలనుంచి వచ్చేవాళ్ళు తగ్గారు. డబ్బు తగ్గింది. 2025 జనవరిలో కార్డిఫ్ యూనివర్సిటీ 400 ఉద్యోగాలు తగ్గిస్తామంది. మార్చిలో స్కాట్లండులోని డండీ యూనివర్సిటీ 632 అంది. తరవాత రెండుచోట్లా ఆ సంఖ్యలు తగ్గించారు గానీ, భయం మాత్రం తగ్గలేదు.

ఇలాంటప్పుడు యాజమాన్యాలు ముందుగా "తమంతట తాము వెళ్ళేవాళ్ళకి ఇంత డబ్బు ఇస్తాం" అని ఒక పథకం పెడతాయి. మన దగ్గర బ్యాంకుల్లో, ఫ్యాక్టరీల్లో వీఆర్ఎస్ అన్నట్టే. సమ్మెతో మనసు విరిగి ఉన్నవాళ్ళకి ఆ కాగితం ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. మా చెల్లెలి డిపార్టుమెంటులో ముగ్గురు తీసుకున్నారు. ముగ్గురూ బాగా పాఠాలు చెబుతారని పేరున్నవాళ్ళే. బయట ఎక్కడైనా పని దొరుకుతుందనే నమ్మకం ఉన్నవాళ్ళకే కదా, ముందుగా లేచి వెళ్ళే ధైర్యం ఉండేది.

వెళ్ళిపోవాలన్నా వెళ్ళలేనివాళ్ళూ ఉన్నారు. ఇదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది. మన దేశంనుంచి వెళ్ళి, యూనివర్సిటీ ఇచ్చిన వీసా మీద పనిచేసే కుర్ర లెక్చరర్లకి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు ఇస్తారు. ఆలోపు వీసా ఇచ్చే మరో యజమానిని వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. అలాంటి అమ్మాయి ఒకర్తి, వైజాగు పిల్ల, సమ్మె రోజుల్లో గేటు దగ్గర నిలబడటానికి కూడా భయపడేదట. సమ్మె అక్కడ చట్టబద్ధమే, భయపడక్కర్లేదని చెప్పినా దాని భయం దానిది. మా చెల్లెలికి ఆ దశ దాటిపోయింది, అక్కడి పౌరసత్వం వచ్చింది. ఉద్యోగం మానెయ్యాలా వద్దా అని తర్కించుకోగలగడం కూడా ఒక వెసులుబాటేనని తనే అంటుంది.

మరి మా చెల్లెలు ఏం చేసింది? 2025 వసంతంలో వాళ్ళ యూనివర్సిటీ కూడా ఆ పథకం పెట్టింది. దరఖాస్తు నింపింది. పెద్దవాడికి ఆ ఏడాది పదోతరగతిలాంటి పెద్ద పరీక్షలు. మరిది "నువ్వెలా అంటే అలా" అన్నాడు. అమ్మ మాత్రం ఇక్కణ్ణుంచి రోజూ ఫోను. "ఆడపిల్లకి చేతిలో ఉద్యోగం ఉంటే ఆ బలమే వేరమ్మా" అని. అమ్మ మాటని తీసిపారెయ్యలేం. పన్నెండేళ్ళకే చదువు మాన్పించిన మనిషి ఆవిడ. కూతురు యూనివర్సిటీలో పాఠం చెప్పడం ఆవిడకి జీతంతో పోల్చే విషయం కాదు.

గడువు తేదీ వచ్చింది, వెళ్ళింది. చెల్లెలు ఆ కాగితం పంపలేదు. ఉద్యోగంలోనే ఉంది. అమ్మ మళ్ళీ మొక్కు తీర్చుకుంది. కానీ నాకు తెలుసు, ఉన్నది పాత మనిషి కాదు. ఆదివారం మెయిళ్ళు చూడదు. కొత్త కోర్సు తయారుచెయ్యడానికి ముందుకి రాదు. 35 గంటలు అవగానే కంప్యూటరు మూసేస్తుంది. ఆరోగ్యం బాగుంది, పిల్లలు సంతోషంగా ఉన్నారు. అదే మంచిదంటాను నేను. "అవును, మంచిదే. కానీ ఏడుస్తూ వచ్చిన పిల్లని గంటసేపు కూర్చోబెట్టుకోవడానికి ఇప్పుడు ఆలోచిస్తున్నాను. అది నచ్చడంలేదక్కా" అంది మొన్న. ఇంకోసారి పథకం వస్తే ఏం చేస్తుందో తనకీ తెలీదు.

మన ఇళ్ళల్లోనూ సమ్మెలు చేసే ఉద్యోగులున్నారు. కాంట్రాక్టు లెక్చరర్లు, అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు, ఆశా కార్యకర్తలు, టీచర్లు. సమ్మె అయ్యాక మీ ఇంటి మనిషి "ఇక ఈ ఉద్యోగం చెయ్యలేను" అంటే, వెంటనే "మతి పోయిందా" అనకండి. "మానెయ్, పీడా పోతుంది" అని కూడా అనకండి. ముందు ఒక నెలరోజులు ఇంటి ఖర్చు లెక్క రాయండి, ఆ జీతం లేకుండా ఎన్నాళ్ళు నడుస్తుందో తెలుస్తుంది. పెన్షను, పీఎఫ్, లోన్లు, పిల్లల ఫీజులు ఒక కాగితం మీద పెట్టండి. ఆ తరవాత "నిన్ను ఏది ఎక్కువ బాధపెట్టింది?" అని అడిగి, చెప్పనివ్వండి. జీతమా, పనా, అవమానమా, స్నేహితులు దూరమవడమా? జీతమైతే ఇంకోచోట దొరకవచ్చు. అలసటైతే సెలవు పెడితే తీరవచ్చు. అవమానమైతే మాత్రం తొందరపడి సర్దిచెప్పకండి, అది మానడానికి సమయం పడుతుంది.

ఇక పిల్లల్ని విదేశాలకి పంపే అమ్మలకి ఒక్క మాట. యూనివర్సిటీ పేరు, ర్యాంకు, ఫీజు అన్నీ అడుగుతాం. అక్కడ పాఠం చెప్పేవాళ్ళు పర్మనెంటువాళ్ళా, ఏడాదికోసారి మారేవాళ్ళా అన్నది కూడా అడగండి. ఆ దేశంలో పాఠాలు, పరిశోధన చేసేవాళ్ళలో సుమారు మూడోవంతు గడువు పెట్టిన ఉద్యోగాల్లో ఉన్నారు. పొలం తనఖా పెట్టి కట్టే ఫీజు, మన బిడ్డ తలెత్తి ప్రశ్న అడిగినప్పుడు జవాబు చెప్పే ఓపిక ఉన్న మనిషికోసం. ఆ మనిషి మనసు నిలబడి ఉండటం మన అవసరం కూడాను. ఏమంటారు?